షాబాదు బండల మీద చిక్కుడు తీగ

అమోల్ ఆ పొద్దున మంచి మనసుతోనే స్టూలు ఎక్కాడు.

తెల్లవారుజామున పడ్డ వానకు చిక్కుడు తీగ నీళ్ళు పట్టి బరువెక్కింది. ఒక పక్క దారాలు జారి, కార్ఖానా గోడకున్న చిన్న కిటికీ సగం బయటపడింది. కరెంటు లేని రోజు కాబట్టి గోడకు అవతల సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. భవాని పేట్‌లో మరమగ్గాలు ఆగితే చెవుల దిబ్బడ వీడినట్టుంటుంది. పక్కింటి స్టవ్వు చప్పుడు కూడా వినబడుతుంది.

"ఏందే సాక్షీ, ఆకే తప్ప ఒక్క కాయ లేదు. దీనికి రోజూ రెండు బకెట్ల నీళ్ళా?" అన్నాడు అమోల్, తీగను భుజంతో పైకి నెడుతూ.

"చలికాలం కాస్తది అన్నా. ఇప్పుడు ఆకు సీజను," అంది సాక్షి కింద స్టూలు పట్టుకుని.

"ఆకు సీజనంట! గొర్రెను కొనియ్యాల్నా మరి?"

అందరూ నవ్వారు. గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న వాళ్ళ అమ్మ యల్లమ్మ కూడా నవ్వింది. పక్క గది ముందు కూర్చున్న పోచమ్మ అయితే చేతిలోని తునికాకు కింద పడేసుకుని మరీ నవ్వింది. ఆ వాకిలి రెండు కుటుంబాలది. మోరి కూడా ఇద్దరిదీ ఒక్కటే. కిటికీకి సరిగ్గా ఎదురుగా, నాలుగు బండలు నిలబెట్టి చేసిన స్నానాల మూల అది. పైన కప్పు లేదు.

ఆ వాకిట్లో చిటికెడు మట్టి కూడా లేదు. గోడ నుంచి గడప దాకా షాబాదు బండలు, బండల సందుల్లో సిమెంటు. అందుకే సాక్షి ఒక పాత రంగు డ్రమ్మును రెండుగా కోయించింది. అడుగున మేకుతో తూట్లు పొడిచింది. బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకుముక్కల్ని గోనెలో కుళ్ళబెట్టింది. కుంఠా నాకాలో ఎవరో పునాది తవ్వుతుంటే రెండు సంచుల నల్లమట్టి అడుక్కుని ఆటోలో వేసుకొచ్చి ఆ ఆకుకుళ్ళుతో కలిపింది. పురుగు పట్టకుండా పైన తంబాకు పొడి చల్లింది. చిక్కుడు కావాలని కాదు, ఆ కిటికీని మూయాలని. ముందు చీర కట్టి చూశారు. లోపలి నుంచి ఎవరో ఇనుప చువ్వతో దాన్ని లాగేశారు. ఇంకోనాడు సెల్‌ఫోను పట్టుకున్న చెయ్యి ఒకటి చువ్వల మధ్య నుంచి బయటికొచ్చింది. కార్ఖానా సేఠ్‌కు చెబితే అక్కడే సాంచా నడిపే అమోల్‌కు తెలుస్తుంది. అమోల్‌కు తెలిస్తే ఎవరి తల పగులుతుందో చెప్పలేరు. తీగ అయితే ఎవరినీ ఏమీ అనదు, దానంతట అది పాకుతుంది. ఆకు కిటికీని మూసిన రోజు ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు తీరిగ్గా తలంటుకున్నారు.

"దారం వదులైంది, ఇంకో ముడి వేస్తే సరి," అంటూ అమోల్ దారం మీదుగా వేళ్ళు పోనిచ్చాడు. పడుగు చుట్టి ఉండే భీము అయిపోయినప్పుడు మిగిలిపోయే పడుగు ముక్కలవి, మూరెడు మూరెడు. వాటిని కలిపి కలిపి గోడ ఎత్తుకు పొడవు చేశారు. అమోల్ వేళ్ళు ఒక చోట ఆగాయి. మళ్ళీ కిందికి జరిగాయి. ఇంకో దారం పట్టుకున్నాడు. దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఒక్క ముడి లేదు," అన్నాడు.

సాక్షి స్టూలును గట్టిగా పట్టుకుంది.

"మొత్తం అతుకే. మెలేసి అతికిండ్రు. అచ్చు అతికినట్టు." అతని గొంతు మెల్లగానే ఉంది. "సాక్షీ, ఎవడు కట్టిండు ఇది?"

కొత్త భీము ఎక్కించేటప్పుడు పాత పడుగు పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి బొటనవేలితో మెలితిప్పుతారు. ముడి వేస్తే సాంచాలో తట్టుకుని తెగుతుంది. వేల పోగుల్ని అలా కలపడాన్నే అచ్చు అతకడం అంటారు, ఆ పని కార్ఖానాల్లో కొందరికే వచ్చు. వాళ్ళంతా మగవాళ్ళు. గోడకు అవతలి కార్ఖానాలో ఆ పని చేసేది పోచమ్మ కొడుకు రాకేశ్.

సాక్షి స్టూలు వదిలేసింది. "అమ్మ కట్టింది," అంది.

అమోల్ స్టూలు దిగాడు. "అమ్మకు అచ్చు అతుకుడు వస్తదా? ఆడోళ్ళకు ఎవరు నేర్పుతరే?" అని తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీకొస్తదా?"

యల్లమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. ఆమె కొడుకు ముఖం చూసింది, అతని చేతులు చూసింది. ఆ చేతులు పోయిన దసరాకు ఆమె ముంజేతిని తలుపు సందులో పెట్టి నొక్కిన చేతులు. ఆమె తల అడ్డంగా ఊపింది.

సాక్షికి మొదటి దెబ్బ తగిలింది చెవి మీద. రెండోది తగిలే లోపే ఆమె కింద ఉంది. జుట్టు పట్టుకుని లేపాడు. "కిటికీకి అడ్డం తీగె, లోపలి నుంచి వాడు, ఇవతలి నుంచి నువ్వు! బావ వరస అని చెప్పి నా ముందర్నే నాటకాలా?" అని ఆమె తలను డ్రమ్ము అంచుకు కొట్టాడు. రేకు అంచు కనుబొమ్మ పైన చీరింది. నెత్తురు కంట్లోకి దిగి అన్నీ ఎర్రగా కనబడ్డాయి. పోచమ్మ అరుస్తూ లేచింది. "ఒరేయ్ అమోల్, సంపుతవార పిల్లను!" అని అతని చొక్కా పట్టుకుంటే మోచేత్తో ఆమెను బండల మీదికి తోసేశాడు.

"కిటికీలకెళ్ళి చూస్తున్నరన్నా. అందుకే పెట్టిన. మేం నీళ్ళు వోసుకుంటుంటే చూస్తున్నరు," అంది సాక్షి, నోట్లో ఉప్పగా నిండుతుంటే.

"చూసేటట్టు నువ్వు ఎందుకున్నవే?"

చాటలోంచి బీడీల కత్తెర తీసుకుని చిక్కుడు మొదలు రెండు డ్రమ్ముల్లోనూ తెగ్గోశాడు. డ్రమ్ములను కాలితో తన్నాడు. నల్లమట్టి బండల మీద పరుచుకుంది. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. యల్లమ్మ లేచి వచ్చి కూతురి కనుబొమ్మ మీద తంబాకు పొడి అద్దబోయింది. సాక్షి ఆ చేతిని తోసేసింది.

మర్నాడు కరెంటు వచ్చింది. ఎనిమిది గంటలకల్లా గోడ వణకడం మొదలైంది. సాక్షి పరచిన మట్టిని చీపురుతో కుప్ప చేస్తోంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గోడ మీద తీగ తలలు వేలాడేసింది. ఆకుల సందుల్లోంచి కిటికీ నల్లగా తెరుచుకుని ఉంది. అక్కడి నుంచి ఎవరో ఈల వేశారు. సాంచాల మోతలో కూడా అది స్పష్టంగా వినబడింది.

యల్లమ్మ, పోచమ్మ ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఆకులు కత్తిరిస్తున్నారు. పదిన్నరప్పుడు సాంచా ఒకటి ఆగింది. ఇద్దరూ తల ఎత్తలేదు. రెండోది ఆగింది, మూడోది, తర్వాత అన్నీ. అప్పుడు ఒక కేక వినబడింది. మగవాడి కేకే, కానీ చిన్నపిల్లవాడు అరిచినట్టు సన్నగా సాగింది.

పోచమ్మ చాట విసిరేసి పరుగెత్తింది. సాక్షి కూడా వెనకే వెళ్ళింది.

కార్ఖానా లోపల దూది ధూళి గాలిలో తేలుతోంది. నాలుగో సాంచా దగ్గర మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు, ఎవరూ ముందుకు పోవడం లేదు. రాకేశ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని కుడి చెయ్యి సాంచా ఇనుప చట్రం మీద ఉంది. అమోల్ దాన్ని మణికట్టు దగ్గర మోకాలితో అదిమి పట్టాడు. అతని చేతిలో పెద్ద పానా ఉంది.

"ఈ వేలితోనేనా మెలేసినవ్? చెప్పు!"

"నేను కాదు అమోల్ దాదా, మా అమ్మ మీద ఒట్టు, నేను..."

అప్పటికే ఒకసారి కొట్టాడు. పోచమ్మ చేరుకునేలోపు రెండోసారి కొట్టాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. రాకేశ్ బొటనవేలు పక్కకు తిరిగిపోయి, గోరు లేచి, ఇనుము మీది నెత్తురు పడుగు పోగుల మీదికి జారింది. తెల్ల పోగులు వరసగా ఎర్రబడటం సాక్షి చూసింది. ఒకటి, పక్కనిది, దాని పక్కనిది.

అప్పుడుగానీ నలుగురూ కదల్లేదు. అమోల్‌ను వెనక్కి లాగారు. ఒకరు చెంప మీద కొట్టారు, ఇంకొకరు కడుపులో గుద్దారు. అతను తిరిగి కొట్టలేదు. పని ముగించుకున్న మనిషిలా నిలబడ్డాడు.

రాకేశ్‌ను ఆటోలో తీసుకుపోయారు. దవాఖానలో వేలు సాంచా చక్రంలో పడిందని సేఠ్ రాయించాడు. పోలీసులదాకా పోతే కార్ఖానా మూతపడుతుందని సేఠ్ భయం. అదే మాట అందరితో అనిపించాడు.

సాయంత్రం పోచమ్మ వాకిట్లోకి వచ్చింది. చీర ముందు భాగం గట్టిపడిన నెత్తురుతో బరకగా ఉంది. అమోల్ గడపలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"అరే అమోల్," అంది పోచమ్మ. ఆమె అరవలేదు. "గా మోరిల నీ చెల్లె ఒక్కతే నీళ్ళు వోసుకుంటదార? నేను వోసుకోనా? మీ అమ్మ వోసుకోదా? నా కొడుకు వాని తల్లి తానం జేసే మోరికి తొంగి చూస్తడా? జర దిమాక్ పెట్టి చెప్పు."

అమోల్ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "వాడు దారం కట్టిండు."

"వాడు ఎన్నడూ ఈ గోడ ముట్టలే. వాడు అతికిన పడుగునే నువ్వు రోజూ నడిపిస్తున్నవ్ కదరా, వాని చెయ్యి నీకు తెల్వదా?" పోచమ్మ యల్లమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది. యల్లమ్మ చాటలోని ఆకుల్ని సర్దుతూనే ఉంది. ఆమె వేళ్ళు ఆకుల మీద గుడ్డిగా తిరుగుతున్నాయి.

పోచమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అమోల్ కంచం వదిలి బయటికి పోయాడు. సాక్షి తల్లి దగ్గరకు వచ్చి కూర్చుంది. "చెప్పు," అంది.

"నిన్ను కొట్టినప్పుడే చెప్పలే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని చెప్తనే?"

"ఉన్న మొహంతోనే చెప్పు."

యల్లమ్మ చాట తీసుకుని లేచి లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత నాలుగో సాంచా భీము అయిపోయింది. అది అమోల్ నడిపే సాంచా. కొత్త భీము ఎక్కించి ఉంది గానీ అతికేవాడు లేడు. మిగతా అతికేవాళ్ళంతా వేరే కార్ఖానాలకు మాట ఇచ్చి కూర్చున్నారు, వారం దాకా రామన్నారు. ఆ సాంచా మీద నేసేవి పెళ్ళివాళ్ళ చద్దర్లు. ఎల్లుండికల్లా పంపాలి. సేఠ్ కార్ఖానాలో అరిచి చాలక వాకిట్లోకి వచ్చి మరీ అరిచాడు.

"వేలు ఇరగ్గొట్టినోనివి నువ్వే కదా? నువ్వే అతుకు! చల్, కూసో!"

"నాకు రాదు సేఠ్," అన్నాడు అమోల్ తల వంచుకుని.

"రాదా? ఇరగ్గొట్టుడు ఒక్కటే వస్తదా?"

యల్లమ్మ చాట పక్కన పెట్టింది. మోరి దగ్గరకు వెళ్ళి చేతులకు అంటిన తంబాకు పోయేదాకా సబ్బుతో రుద్దుకుంది. పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి కాగితంలో పోసుకుంది. "పద సేఠ్," అంది.

సేఠ్ నవ్వాడు. "నీకేం తెలుసే యల్లమ్మా?"

"రాకపోతే లేపు."

సాక్షి తల్లి వెంట నడిచింది. కార్ఖానాలో అందరూ సాంచాలు ఆపి చూశారు. యల్లమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి నాలుగో సాంచా వెనక ఇరుకులోకి దూరి కూర్చుంది. "అవతల కూసోని పోగులియ్యి," అంది కొడుకుతో. అమోల్ కదలలేదు. "కూసో," అంది మళ్ళీ. అతను కూర్చున్నాడు.

ఆమె పాత పోగు ఒకటి ఎడమ చేత్తో తీసుకుంది. కొత్త పోగు అమోల్ అందించాడు. కొసలు రెండూ పక్కపక్కన పెట్టి, వేలికి బూడిద అద్దుకుని, బొటనవేలితో ఒక్క మెలి తిప్పి, వెనక్కి మడిచి, ఇంకో మెలి తిప్పింది. లాగి చూసింది. వదిలేసింది. తర్వాతి పోగు. మెలి, మడత, మెలి. పది పోగులయ్యేసరికి వేళ్ళు వేగం అందుకున్నాయి. వందయ్యేసరికి వేళ్ళు కనబడటం లేదు, పోగులు వాటంతట అవే అతుక్కుంటున్నట్టుంది. గుంపులోంచి ఎవరో "అయ్యో నాయినా!" అన్నారు.

అమోల్ ఆ అతుకునే చూస్తున్నాడు. పోగు జారిపోయింది.

"చెయ్యి జారనియ్యకు. పోగు తెగుతది," అంది యల్లమ్మ తల ఎత్తకుండా.

మధ్యాహ్నానికి పడుగు సగం అతికింది. అప్పుడు ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సేఠ్ దగ్గరికి వచ్చాడు. "చాయ్ తెప్పియ్యాల్నా అక్కా?" అన్నాడు. పొద్దుటి 'తెలుసే' ఇప్పుడు లేదు.

"వద్దు. ఆ కిటికీకి రేకు కొట్టియ్యి. మిగతా సగం తర్వాత అతుకుత."

"ఏ కిటికీ?"

యల్లమ్మ వేలు చూపించింది. అందరూ అటు తిరిగారు. ఒకరిద్దరు వెంటనే తల తిప్పుకున్నారు. ఆ తిప్పుకున్న వాళ్ళెవరో సాక్షి చూసింది.

"గాలి ఎట్ల వస్తది? ఉడికి చస్తం ఈడ," అన్నాడు సేఠ్.

"రోడ్డు దిక్కు రెండు కిటికీలున్నయ్. ఆడికెళ్ళి రానీ." ఆమె గొంతు పెంచింది. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి అంతగా పెంచాల్సిన పని లేదు, అయినా పెంచింది. "మా నాయిన నేర్పిండు నాకు అచ్చు. చిక్కుడు తీగెకు దారాలు అతికింది నేనే. రాకేశ్ కాదు. నా బిడ్డ చెప్తే నేనే కాదన్న. నా కొడుకుకు భయపడి అబద్ధమాడిన. అందరూ ఇనుండ్రి."

గుమ్మంలో పోచమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆమె మనుషులను తోసుకుంటూ వచ్చి యల్లమ్మ చెంప మీద ఒక్కటి కొట్టింది. యల్లమ్మ తల పక్కకు పోయి సాంచా చట్రానికి తగిలింది. అమోల్ లేవబోయాడు.

"కూసో," అంది యల్లమ్మ అతనితో.

"ఆ నాడే చెప్పుంటే నా కొడుకు వేలుండేది," అంది పోచమ్మ.

"ఉండేది."

"ఇంక బొటనవేలు లేనోనికి ఎవడిస్తడే పని?"

"వాని చెయ్యి మానేదాక వాని అచ్చులన్నీ నేను అతుకుత. సేఠ్ వాని జాగల ఇంకెవన్ని పెట్టుకోడు. మానకపోతే ఎడమ చేత్తో అతుకుడు నేర్పుత. మా నాయిన ఎడమ చెయ్యోడే."

పోచమ్మ ఇంకోసారి చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. దించలేదు కూడా. అలాగే కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆమె క్షమించిందని ఎవరూ అనుకోలేదు.

సేఠ్ పెళ్ళివాళ్ళకు ఫోన్ చేయబోయి మానుకున్నాడు. సగం అతికిన పడుగును ఒకసారి, కిటికీని ఒకసారి చూశాడు. "గోదాములో రేకు ముక్క ఉంటది, తెచ్చి కొట్టుండ్రి," అన్నాడు. ఎవరూ కదలలేదు. ఆ కిటికీ దగ్గరకు ముందు నడిచినవాడి మీదికి అందరి చూపూ పోతుందని అందరికీ తెలుసు. చివరికి అమోల్ లేచాడు.

సాక్షి కార్ఖానా నుంచి బయటికి వచ్చి వాకిట్లోకి వెళ్ళింది. ఎండ కొడుతోంది. మోరిలో యల్లమ్మ చేతులు కడిగిన సబ్బు నీళ్ళు ఎండి తెల్లటి చారలు కట్టాయి. సాక్షి బండల మీద, కిటికీకి ఎదురుగా నిలబడింది. వాపు తగ్గి రెండో కన్ను సగం తెరుచుకుంది. రెండు కళ్ళతోనూ పైకి చూసింది.

లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. తర్వాత అమోల్ ముఖం కిటికీలోకి వచ్చింది. పెదవుల మధ్య మేకులు ఉన్నాయి. రేకు ఎత్తబోతూ కిందికి చూశాడు. మోరి, అందులో బకెట్టు, తాడు మీద ఆరేసిన తల్లి లంగా, పోచమ్మ రవికె, నిలబడి ఉన్న చెల్లెలు, అన్నీ అతనికి ఒకేసారి కనబడ్డాయి. ఎంత దగ్గరగా కనబడుతున్నాయో అతని ముఖంలోనే తెలిసిపోయింది. కళ్ళు పక్కకు తిప్పుకోవాలని చూశాడు గానీ ఎటు తిప్పినా వాకిలే.

సాక్షి కదలలేదు. కొంగు సర్దుకోలేదు. అతన్ని చూడనిచ్చింది.

అమోల్ మేకులు చేతిలోకి తీసుకున్నాడు. చువ్వలకు చుట్టుకుని ఎండిపోయిన చిక్కుడు నులితీగలను వేలితో పీకబోయాడు. రాలేదు. స్ప్రింగుల్లా బిగుసుకుని ఉన్నాయి.

"తీగె అడ్డమొస్తుంది," అన్నాడు. "కొయ్యాల్నా?"

అతను ఆమెను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో సాక్షికి గుర్తు రాలేదు. అతను రేకు పట్టుకుని ఆగాడు. చెమట చుక్క అతని ముక్కు మీద నుంచి జారి చువ్వ మీద పడింది. అయినా ఆమె మాట కోసం ఆగాడు.

"కొయ్యకు," అంది సాక్షి. "దాని మీద్నే కొట్టు."

అమోల్ తలూపాడు. రేకు లేచింది. ముందు అతని గడ్డం కనబడకుండా పోయింది, తర్వాత నోరు, తర్వాత కళ్ళు. మొదటి మేకు దెబ్బకు గోడ అదిరి ఎండాకులు కొన్ని బండల మీద రాలాయి. నాలుగో మేకు దిగేదాకా సాక్షి అక్కడే నిలబడి, తర్వాత బకెట్టు తీసుకుని నీళ్ళు పట్టడానికి వెళ్ళింది.